రెండు మిల్లీమీటర్లు

పోయిన నెల పర్ణశాల నుంచి తిరిగి వస్తూ ఒక కుడి మలుపులో నేను మనిషిని గుద్దబోయాను. రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న పాత కారు అది. దాన్ని నేను నడిపే తీరు చూసి మా ఆవిడ, "నేను దిగి నడుస్త, మీరు ఎనక మెల్లగ రండి" అని వెక్కిరిస్తుంటుంది. ఆ రోజూ అదే వేగం. రోడ్డు ఖాళీ, ఎండ ఇంకా నెత్తికెక్కలేదు, నాకు నిద్రమత్తు లేదు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఉన్నట్టుండి మా ఆవిడ "సైకిలు, సైకిలు!" అని అరిచింది. బ్రేకు తొక్కి చూస్తే బండి ముందు జానెడు దూరంలో ఒక సైకిలు, దాని మీద గడ్డిమోపు, మోపును ఒక చేత్తో పట్టుకుని ఒక ముసలాయన. ముందు అద్దం పక్కన పైకప్పును మోసే సన్నని స్తంభం ఒకటి ఉంటుంది చూడండి, అరచెయ్యి వెడల్పు కూడా ఉండదు. ఇంతసేపూ ఆ మనిషీ, ఆ సైకిలూ, ఆ మోపూ దాని చాటునే ఉండి నాతోపాటు మలుపు తిరిగాయి. ముసలాయన "జర చూస్కొని నడ్పు సారూ" అని తన దారిన పోయాడు. నేను బండిని పక్కకు ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ నీళ్ల సీసా మూత తీసి ఇచ్చి, "నాయిన యాదికొచ్చిండా?" అంది. తల ఊపాను.

వాళ్ల నాయిన, అంటే మా మామ, డీజిల్ ఇంజను డ్రైవరు. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వచ్చే లైను మీద చాలా ఏళ్లు బండి నడిపారు. ఊరు కొత్తగూడెం అయినా స్టేషను పేరు భద్రాచలం రోడ్. దిగగానే గుడి గోపురం కనపడుతుందనుకున్న యాత్రికులు బయటికొచ్చి బొగ్గు లారీలను చూసి బిత్తరపోవడం మాకు అలవాటైన వేడుక. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మామ రిటైరయ్యారు. అత్తమ్మ అప్పటికే పోయింది. ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ఒక అలారం గడియారం పట్టుకుని కొత్తగూడెంలో మా క్వార్టరుకు వచ్చారు. కూతురింట్లో ఉండడం ఆయనకు నామోషీ. "నాల్గు దినాలుండి పోత" అన్నారు. ఆ నాలుగు దినాలు ఆరేళ్లు సాగాయి గాని, ఆయన బట్టలు మాత్రం ఏనాడూ పెట్టెలోంచి మా అల్మారాలోకి రాలేదు. తెల్లారగానే అలారం మోగేది. లేచి, గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, పోవలసిన చోటు లేక వరండాలో కుర్చీలో కూర్చునేవారు. దూరంగా కూత వినపడితే చేతి గడియారం చూసుకుని "ఆరు నిమిషాలు లేటు" అనేవారు. వినడానికి అక్కడ తులసి కుండీ తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆ కుండీ కూడా పక్కింటివాళ్లది.

నేను అప్పట్లో గనుల కంపెనీ సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. భూమి కింద సొరంగాలు ఎటు పోతున్నాయో కొలత ప్రకారం కాగితం మీద గీయడం నా పని. పాత సొరంగాల్లో నీళ్లు నిండి ఉంటాయి. కాగితం మీద వాటి గీత వెంట్రుకవాసి పక్కకు జరిగిందంటే, కొత్త సొరంగం తవ్వేవాళ్ల మీదికి ఆ నీళ్లు రావచ్చు. అందుకని నా గీతలంటే నాకు కొంచెం గర్వం ఉండేది, కొంచెం కాదు, బాగానే ఉండేది. మామకు మాత్రం నా ఉద్యోగం మీద పెద్ద గౌరవం లేదు. "కుర్సీల కూసోని బొమ్మలు గీస్తడు" అని కూతురితో అన్నారట. ఆమె ఆ మాట నాకు చేరవేయడం మర్చిపోలేదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, "అల్లుడా, అసలు మీటరు మన దగ్గర రెండు సెంటీమీటర్లు అయ్యేటట్టు ఇంజన్ బొమ్మ గీసిస్తవా? అట్టతోటి చేద్దామనుకుంటున్న" అన్నారు. పదిహేడు మీటర్ల ఇంజను ఆ లెక్కన మూరకు తక్కువలోకి వస్తుంది. పోనీలే, పెద్దాయనకు పొద్దుపోతుందని నేను సంబరపడ్డాను.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. ఆయన మోకాళ్లు అరిగిపోయి ఇంజను మెట్లెక్కలేరు కాబట్టి టేపు పట్టుకుని ఎక్కవలసింది నేనే. మధ్యాహ్నం బండి వచ్చి స్టేషనులో ఊపిరి తీసుకునే వేళకు పోయేవాణ్ని. డ్రైవర్లందరూ ఒకప్పుడు మామ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. "సారు అల్లుడు" అని పైకి రానిచ్చేవారు. కొలుచుకుని ఇంటికొచ్చి లెక్కలు చదివితే మామ కళ్లు మూసుకుని వినేవారు. ఏ తలుపుకు ఎన్ని బందులు, ఏ మెట్టు ఎంత ఎత్తు, ఏ జల్లెడకు ఎన్ని చీలికలు, అన్నీ ఆయనకు నోటికి తెలుసు. నేను తప్పు చెప్పిన చోట మాత్రం కళ్లు తెరిచేవారు. ఒకసారి "సుమారు రెండడుగులు" అన్నాను. "సుమారు అన్నది మీ ఆఫీసుల నడుస్తదేమో, ఇంజన్ మీద నడ్వదు" అని నన్ను మర్నాడు మళ్లీ పంపించారు. ఆ మాట అనిపించుకున్నది వెంట్రుకవాసి లెక్కలు చూసే నేను!

అట్ట కోసం పెళ్లి పత్రికలు ఏరారు. పల్చగా ఉండి గట్టిగా ఉండే అట్ట అదేనని ఆయన తీర్మానం. మా క్వార్టర్ల వరసలో ఎవరింట్లో పెళ్లయినా చివరికి పత్రికలు మా ఇంటికి చేరేవి. చర్చిలో పెళ్లయినా, కల్యాణ మండపంలో పెళ్లయినా ఇంజనులో కలిసిపోవలసిందే. ఇప్పటికీ ఆ ఇంజను కడుపులోకి తొంగి చూస్తే ఒక గోడ మీద పసుపు బొట్టు, ఇంకో గోడ మీద ఎవరిదో శుభ ముహూర్తం కనపడతాయి. సైకిలు పుల్లలు పక్క కడ్డీలయ్యాయి. మా టీ వడపోత జాలీ, పైన గాలి తిరిగే పంకా మీది కప్పు అయింది. నాలుగు రోజులు మేం తేయాకు నమిలి తాగాక మా ఆవిడకు విషయం తెలిసి ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. క్రిస్మస్‌కు మా సంఘం వాళ్లు పశువుల పాక కడుతూ, పక్కన మామ ఇంజను పెడితే అందంగా ఉంటుందని అడగడానికి వచ్చారు. మామ నవ్వకుండా, "ప్రభువు పుట్టిన్నాడు బెత్లెహేముకు లైన్ పడలే" అని పంపించేశారు. నాకు అప్పటికీ అనుమానం రాలేదు. తనను స్టూలు మీద కూర్చోబెట్టి, కూర్చున్న చోటు నుంచి కంటి దాకా ఎత్తు కొలవమన్నప్పుడు కూడా రాలేదు. లోపల డ్రైవరు బొమ్మ పెడతారు కాబోలు అనుకున్నాను. బోనెట్టు ఒక్కటే మిగిలిందనగా, "కారేపల్లి రాకముందు ఇప్పచెట్ల కాడ లైను కుడికి వంగుతది. ఆ వంపు ఏడ మొదలైతదో, ఎంత వంగుతదో కొలిచి తీస్కరా" అన్నారు. అట్టబొమ్మకు వంపు దేనికి అని అడిగాను. మామ గోటితో జిగురు గీక్కుంటూ అప్పుడు చెప్పారు.

ఆ ఇంజనులకు డ్రైవరు గది ఒక కొసన ఉంటుంది. గదికి ఒక పక్క పొట్టి ముక్కు, ఇంకో పక్క లోపల యంత్రమంతా దాగి ఉండే పొడుగాటి బోనెట్టు. కొత్తగూడెంలో లైను ఆఖరు. ఇంజనును తిప్పి పెట్టే ఏర్పాటు లేదు. అందుకని ఒక దిక్కుకు పొట్టి ముక్కు ముందుగా పోతే, రెండో దిక్కుకు బోనెట్టు ముందుగా పోవాలి. అప్పుడు డ్రైవరు బోనెట్టు వెనకాల కూర్చుని, దాని ఎడమ అంచు పక్క నుంచి దారి చూస్తాడు. కుడి వైపు అసిస్టెంటు చూస్తాడు. మామ రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఇప్పపూలు రాలే రోజుల్లో, పొద్దున్నే బోనెట్టు ముందుగా ప్యాసింజరు బండి తీసుకుని పోతున్నారు. అసిస్టెంటు లోపలికి యంత్రం చూసి రావడానికి పోయాడు. అది కూడా వాళ్ల పనే. గదిలో మామ ఒక్కరే. బండి ఇంకా తిన్నటి లైను మీదే ఉంది, వంపు ముందుంది. వంపు మొదట్లో, పట్టాల మధ్య రాలిన ఇప్పపూలు ఏరుకుంటూ పక్క అడవి గూడెం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమెకు చెవులు సరిగా వినపడవని తర్వాత తెలిసింది.

"నేను బయటికే చూస్తున్న. లైను ఖాళీగనే ఉండె. గదే నాకు యాదున్నది" అన్నారు మామ. "బండి ఆపి ఎనకకు నడిచిన. బుట్ట అట్లనే ఉన్నది. పూలు గూడ శాన ఒలకలే. గూడెం పెద్దమనిషి వచ్చి నా చెయ్యి పట్టుకోని ఏదో అన్నడు. వాళ్ల భాష నాకు రాదు. తిట్టిండో, ఏం జేస్తవులే అన్నడో, ఇప్పటికీ తెల్వదు." విచారణ జరిగింది. తప్పు డ్రైవరుది కాదని తేల్చారు. మామకు అది తేలలేదు. బోనెట్టు అడ్డమై ఆమె కనపడకపోతే తాను చూస్తున్నానన్న జ్ఞాపకం నిజం. ఆ కుర్చీలోంచి ఆమె కనపడే మాటే అయితే తాను చూడలేదు, చూస్తున్నానని ఆ తర్వాత తనకు తానే చెప్పుకున్నారు. ఒకరిద్దరు డ్రైవర్లను ఆ చోట చూసి చెప్పమని అడిగారట. కేసు అయిపోయింది కదా, ఇంకా ఎందుకు తవ్వుతారు అన్నారట. "అయినా వాళ్ల కన్ను వేరు, నా కన్ను వేరు" అన్నారు. చూసినా అంత దగ్గర్లో బండి ఆగేది కాదు కదా మామా అన్నాను. "ఆగుతదా లేదా అన్నది బండి సంగతి. చూసిన్నా లేదా అన్నది నా సంగతి" అన్నారు.

మర్నాడు పొద్దున మా ఆవిడ మిగతాది చెప్పింది. మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పళ్లాల్లో వరసల వెంట వస్తాయి. తనను తాను పరీక్షించుకుని, ఒప్పుకోవలసింది ఒప్పుకున్నవాళ్లు తీసుకుంటారు. మామ ఏళ్లుగా పళ్లెం రాగానే తల వంచుకుని పక్కవాళ్లకు అందిస్తున్నారు. పాత పాస్టరుతో ఏదో మాట పట్టింపు అని నేను అనుకునేవాణ్ని. సంఘంలో చాలామంది అలాగే అనుకునేవారు, మామ కూడా అనుకోనిచ్చారు. "అమ్మ ఉన్నప్పుడు ఎంత ఏడ్చి చెప్పినా తీస్కోలే. బల్ల తీస్కోకుండనే పోతనేమోనని ఆయనకు భయం. పైకి చెప్పడు" అంది. ఇంజను దేనికో నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

లైను మరమ్మతు పనివాళ్లతో కలిసి నడిచి వెళ్లి వంపు కొలిచాను. ముసలమ్మ కూర్చున్న చోటు ఏదని అడిగితే, బీడీ ఆకులు కోస్తున్న గూడెం ఆమె ఒకరు "గక్కడ్నే" అని చెయ్యి చూపించి మళ్లీ తన పనిలో పడింది. ఆ కొలతలన్నీ ఆఫీసులో నా బల్ల మీద పెద్ద కాగితానికి ఎక్కించాను. మామ కన్ను ఒక చుక్క. బోనెట్టు ఎడమ అంచు ఒక గీత. రెండు వందల మీటర్ల దూరంలో ముసలమ్మ కూర్చున్న చోటు ఇంకో చుక్క. మామ కంటి నుంచి బోనెట్టు అంచును తాకుతూ పెన్సిలు గీత లాగాను. గీతకు ఇవతల, అసలు కొలతలో ఒక మీటరు ఎడంతో, ముసలమ్మ ఉంది. కనపడుతుంది. స్కేలు తిప్పి మళ్లీ గీశాను. మళ్లీ కనపడింది. పక్క బల్ల ఆయన టీ తాగుదాం రమ్మంటే తల నొప్పిగా ఉందన్నాను. ఇంట్లో ఆయన వరండాలో కూర్చుని నా బోనెట్టు డ్రాయింగు కోసం ఎదురుచూస్తుంటారు. ఆయన్ని తలుచుకుంటే జాలి ముంచుకొచ్చింది. నిజమంటే నాకు ఆ క్షణంలో అసహ్యం వేసింది కూడా. ట్రేసింగు కాగితం మీద ఇంకు గీతను తీసేయాలంటే మేం బ్లేడుతో సుతారంగా గీకుతాం. బోనెట్టు ఎడమ అంచును అలా గీకేసి, రెండు మిల్లీమీటర్లు బయటికి జరిపి మళ్లీ గీశాను. అసలు ఇంజను మీద అది నాలుగు అంగుళాలు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దిగిపోయే దాకా తెలిసి నేను తప్పు గీసిన గీత అదొక్కటే.

నెల రోజుల్లో మామ బోనెట్టు కట్టేశారు. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, మా వరండా పక్కింటి వరండా కలుపుకుని సుద్దముక్కతో లైను గీశాను. నాలుగు మీటర్ల పొడవు, చివర్న కుడికి చిన్న వంపు. కూర్చున్న మనిషి ఎత్తు ఆ కొలతలో సెంటీమీటరున్నర. ఏం పెట్టాలా అని వెతుకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి లవంగం తెచ్చింది. కొలిస్తే సరిగ్గా సరిపోయింది. దాన్ని పిండి ముద్దలో గుచ్చి వంపు దగ్గర నిలబెట్టాం. మామ గచ్చు మీద బోర్లా పడుకుని, డ్రైవరు గది వెనక గోడ తీసేసి, ఎడమ కిటికీకి కన్ను ఆనించారు. పక్కింటివాళ్ల పిల్లి వచ్చి లైను మీద పడుకుంటే ఎవరూ తోలలేదు, అదే లేచి పోయింది. చాలాసేపటికి మామ, "కనపడ్తలేదు" అన్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ లేవబోతే మోకాళ్లు పట్టేశాయి, నేను చంకల కింద చేతులు వేసి లేపాను. ఆయన నా భుజం మీద చెయ్యి అలాగే ఉంచి, "నీ గీతలకు విలువుంది అల్లుడా" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

ఆ వచ్చే ఆదివారమే నెలలో మొదటిది. ఆ వారమంతా మా ఇల్లు వేరే ఇల్లులా ఉంది. మామ కూతురితో హాస్యాలాడారు, కోడిపులుసు చేయించుకున్నారు, పెట్టెలోంచి తెల్ల చొక్కా బయటికి తీసి ఇస్త్రీ చేయించారు. శనివారం మధ్యాహ్నం మా ఆవిడ చేత దర్జీ టేపుతో తన భుజాల వెడల్పు కొలిపించుకుని, మిగిలిన అట్టతో మూడున్నర సెంటీమీటర్ల మనిషిని కత్తిరించారు. బోనెట్టు పక్కన మనిషి నడవడానికి సన్నని దారి ఉంటుంది, దానికి బయటి వైపు కడ్డీ. సంతోషం కొద్దీ తన బొమ్మను ఆ దారిలో నిలబెట్టాలనుకున్నారు. నేను కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ఇంజను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"అల్లుడా, ఈ దార్ల నేను పడ్తలేను" అన్నారు.

బోనెట్టు గీతను బయటికి జరిపితే పక్కనున్న దారి అంత సన్నబడుతుంది. ఆ సంగతి నాకు తట్టలేదు. సొరంగం గీసేవాడికి సొరంగం వెడల్పు తప్ప దాని పక్కన మనిషి నడవాలన్న ఊహ రాదు.

"గన్నేండ్లు ఆ దార్ల నడిచిన. భుజం తలుపు గడెకు తాకేది, తుంటి కడ్డీకి తాకేది. తాకినా పోయేటోన్ని. ఈ మనిషి ఇరుక్కుంటున్నడు. నేను తప్పా, గీత తప్పా?" అన్నారు. అట్టమనిషిని తప్పు కత్తిరించారని చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను. సంచిలోంచి ఒక వంకాయ జారి దొర్లుకుంటూ పోయింది. "ఎంత జరిపినవ్?" అన్నారు. "రెండు మిల్లీమీటర్లు" అన్నాను. "నాల్గంగులాలు" అన్నారు, నోటి లెక్కే. మీ బాధ చూడలేక చేశాను మామా అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "నన్ను గెలిపియ్యమని అన్ననా నిన్ను? కనపడలే అంటే తప్పు నాది గాదు, ఏడ్చి ఊకుంట. కనపడ్డది అంటే నేను చూడలే, తప్పు నాదే, ఒప్పుకుంట. రెండిట్ల ఏదో ఒకటి తెల్వాలె గద. తెల్వకుంట దేవుని ముంగట ఏమని ఒప్పుకోవాలె?" అన్నారు. మర్నాడు తెల్ల చొక్కా వేసుకునే వచ్చారు. పళ్లెం వచ్చినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. తల వంచుకుని దాన్ని నా చేతిలో పెట్టారు. నేనూ తీసుకోలేక పక్కకు అందించాను.

తర్వాత ఆయన నా డ్రాయింగులో ఒక్క అంకెనూ నమ్మలేదు. నమ్మమని అడిగే ముఖం నాకూ లేదు. కర్ర పట్టుకుని నాతో స్టేషనుకు వచ్చి, కింద నిలబడి, నేను పట్టిన టేపు మీది అంకెను పైనున్న డ్రైవరు చేత చదివించుకున్నారు. బోనెట్టు విప్పి మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టారు. ఈసారి పని సాగలేదు. ఆయనకు షుగరు పాతదే. అది కళ్లలోకి దిగిందని ఆ ఏడాదే తెలిసింది. ఖమ్మంలో కంటి దవాఖానాకు తీసుకెళ్లాం, ఆలస్యమైంది, ఉన్న చూపు కాపాడుకోండి అన్నారు. తలుపు బందులు వేళ్లతో తడిమి అతికించేవారు. జిగురు ఎక్కడ పడిందో తెలియక వేళ్లన్నీ అంటుకుపోయేవి, మా ఆవిడ వేణ్నీళ్లలో కడిగేది. మొదటిసారి నెలలో అయిన పనికి ఈసారి ఏడాది దాటింది. నేను రెండు మిల్లీమీటర్లు జరపకపోతే మొదట సుద్ద గీసిన ఆదివారమే, కన్ను ఉండగానే, ఆయన నిజం చూసుకునేవారు.

మళ్లీ వరండాలో సుద్ద గీత గీశాను, మళ్లీ లవంగం నిలబెట్టాం. మామ బోర్లా పడుకుని కిటికీకి కన్ను ఆనించారు. ఆ కన్ను, ఈ కన్ను, మళ్లీ ఆ కన్ను. చివరికి పక్కకు జరిగి, "నాకంత మసకమసకగ ఉన్నది. నువ్వు చూడు. చూసి చెప్పు" అన్నారు.

పడుకుని చూశాను. బోనెట్టు అంచుకు ఇవతల, బొటనవేలు వెడల్పు ఎడంగా, లవంగం తలతో సహా నిలబడి ఉంది. "కనపడుతోంది మామా" అన్నాను. మా ఆవిడ కూడా వంగి చూసి, "అవ్ నాయినా, మంచిగ కనపడ్తుంది" అంది. మామ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నారు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నారు, తుడిస్తే పోయే మసక కాదది. "అప్పుడు కనపడకుంటే నాకు మంచిదని అనుకున్నవ్, కనపడలే. ఇప్పుడు కనపడితే ఒప్పుకుంట, బల్లకు పోతనని నీకు తెల్సు. కనపడ్తుందంటున్నవ్. మొగుడూ పెండ్లాం ఒక్క మాట మీదుంటరు. నేనేం జెయ్యాలె చెప్పు" అన్నారు. కోపంగా అంటే బాగుండేది. దారి తెలియక అడిగినట్టు అడిగారు. ఈసారి నిజమే చెబుతున్నానని బైబిలు మీద చెయ్యి పెట్టాను. ఆయన నా చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టారు.

మరుసటి ఏడు వానాకాలంలో మామ పోయారు. చివరి నెలల్లో పాస్టరు మంచం దగ్గరికే బల్ల తెచ్చారు. మామ తల అడ్డంగా ఊపి, తెచ్చినందుకు దండం పెట్టారు. ఇంజనుకు రంగు వేయలేదు. కొలత తేలాకే రంగు అనేవారు. ఆ లైను మీద ఇప్పుడు డీజిల్ ఇంజనుల కాలం చెల్లింది, పైన కరెంటు తీగలు వచ్చాయి. మామ ఇంజను మాత్రం పెళ్లి పత్రికల ఎరుపూ పసుపూ రంగుల్లోనే మా ఇంట్లో అల్మారా మీద ఉంది.

పర్ణశాల నుంచి వచ్చిన సాయంత్రం దాన్ని కిందికి దించాను. దుమ్ము తుడిచి, సుద్దముక్క తెచ్చి, ఇంకొక్కసారి చూద్దామనుకున్నాను. ఎందుకో ముందు స్కేలు పెట్టి బోనెట్టు కొలిచాను. ఇన్ని వానాకాలాల తేమకు అట్ట ఉబ్బి, ఎడమ గోడ బయటికి వంగింది. ఎంత అని చూస్తే, రెండు మిల్లీమీటర్లు. మా ఆవిడ వంటింట్లోంచి లవంగం తెచ్చి వెనక నిలబడింది. వద్దులే అని చెప్పి ఇంజనును మళ్లీ అల్మారా మీద పెట్టేశాను. నేను చెప్పిన నిజాన్ని మామ నమ్మలేకపోయారు. ఇప్పుడు ఎవరికి చూపించినా, కాలం ఆ బండి చేత నా అబద్ధమే చెప్పిస్తుంది.